లాగి చూసిన తాళం

ఫిబ్రవరి 2

అక్కకు,

కవరు మీద నా చేతిరాత చూసి గుండె గుభేలుమని ఉంటుంది నీకు. ముందే చెప్తున్నాను, ఇంట్లో అందరం బాగున్నాం. ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటంటావా? ఫోన్లో నీ గొంతు వినగానే నా నోరు దానంతటదే "అలాగే అక్కా" అనేస్తుంది. నలభై ఏళ్లొచ్చినా ఆ జబ్బు పోలేదు. కాగితం మీదైతే నా మాట నేను పూర్తి చేసుకోగలను. నువ్వు కూడా ఉత్తరమే రాయి. నా అక్షరదోషాల మీద ఎర్ర సిరా మాత్రం పెట్టకు. దిద్దడానికి ప్రెస్సులో నీకు చాలినన్ని ప్రూఫులు ఉన్నాయి కదా.

పనిలో ఒక ఘోరం జరిగింది. పోయిన నెల పంతొమ్మిదిన. బొంగరం నీకు గుర్తున్నాడుగా, నాతో పదకొండేళ్లుగా లిఫ్టుల పని చేస్తున్న సీనియర్ మెకానిక్కు. ఒక్కచోట నిలబడడని ఆ పేరు. నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు గదంతా తిరుగుతూ టీ తాగింది ఆయనే. ఆ రోజు మా ఇద్దరికీ ఆరంతస్తుల ఆఫీసులో సర్వీసింగు పడింది. పై అంతస్తు దగ్గర లిఫ్టు ఆపి, ఆయన దాని నెత్తికెక్కి పట్టాలకు గ్రీజు పెడుతున్నాడు. సరిగ్గా ఆయన తలపైన ఉన్న మోటారు గదిలో నేను మెయిన్ స్విచ్ ఆపి, దానికి నా తాళం వేసి, లాగి చూసి, 'లోపల మనిషి ఉన్నాడు' అన్న అట్ట తగిలించి, ఇంకో గ్రీజు డబ్బా కోసం కిందికి దిగాను. మా పనిలో ఎవరి తాళం వాళ్లదే. తాళంచెవి ఎవరి జేబులో వాళ్లదే. అది జేబులో ఉన్నంతసేపూ పైనున్న మనిషి ప్రాణం మన జేబులో ఉన్నట్టే.

నేను మూడో అంతస్తు మెట్ల మీద ఉండగా లిఫ్టు కదిలిన చప్పుడైంది. పరిగెత్తుకుంటూ పైకి వెళ్లేసరికి నా తాళం తెరుచుకుని నేల మీద పడివుంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. తను వచ్చేసరికే తాళం కింద పడివుందని, పని అయిపోయిందనుకుని స్విచ్ వేశానని మా సూపర్‌వైజరు అన్నాడు. బొంగరం కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఇంకొక్కటి అడగాలి. మొన్న ఆదివారం పాస్టరుగారు మారుమనస్సు గురించి చెప్పారు. అప్పటినుంచి నా లోపల ఒక బరువు. అదేమిటో ఇక్కడ రాయలేను. మారుమనస్సు పొందాలంటే సరిగ్గా ఏం చేయాలక్కా? చిన్నప్పుడు నువ్వు నాతో చేయించినట్టు చేస్తే సరిపోతుందా?

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 8

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం అందింది. ఎర్ర సిరా పెట్టలేదు, పెన్సిలుతో మాత్రం రెండు చోట్ల దిద్దాను, అలవాటు చచ్చినా పోదు. బొంగరంగారి సంగతి రెండుసార్లు చదివాను. కుర్చీలో కూర్చోండి బాబూ అని నేను బతిమాలితే, కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయమ్మా అన్నాడు ఆ మనిషి. మీ బావ రోజూ ఆయన కోసం ప్రార్థన చేస్తున్నారు. పాట కూడా పాడుతున్నారు, దేవుడికి ఓపిక ఎక్కువ.

ఇక్కడ ప్రెస్సులో చిన్న ప్రళయం. ఆదివారపు పాఠాల పుస్తకంలో 'ప్రభువు పాపులను పిలుచుచున్నాడు' అన్న దగ్గర 'పాపలను పిలుచుచున్నాడు' అని అచ్చయిపోయింది. అయిదు వందల కాపీలు. నా కళ్లు దాటి వెళ్లినందుకు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. పాస్టరుగారేమో పకపకా నవ్వి, అదీ నిజమేగా అన్నారు. ఆయనకేం, ఎన్నైనా అంటారు.

సరే, అసలు సంగతికి వస్తాను. రాయలేని బరువేమిటో నాకు తెలియదనుకోకు. మరదలు ఫోన్లో అంతా చెప్పింది. పని అయ్యాక నేరుగా ఇంటికి రావట్లేదట. ఏడింటికి గాని గుమ్మం ఎక్కట్లేదట. ఎక్కడికి వెళ్లావంటే తల వంచుకుంటున్నావట. నాన్న కూడా అచ్చం ఇలాగే మొదలుపెట్టాడు. సీసా దగ్గరికని ఆయన ఎప్పుడూ అనలేదు, స్నేహితుల దగ్గరికి అనేవాడు. అమ్మ పోయిన ఏడాది ఆయన ఎలా అయిపోయాడో నేను చూశాను, నువ్వు చూడకుండా అడ్డం నిలబడ్డాను. నిన్ను ఎనిమిదో ఏట నా చేతుల్లో పెట్టుకున్నది ఇందుకా?

మారుమనస్సుకి ఏం చేయాలని అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఒప్పుకో. మోకాళ్ల మీద పడి, కన్నీళ్లతో, ఏదీ దాచకుండా ఒప్పుకో. దేవుడి దగ్గరా ఒప్పుకో, మనుషుల దగ్గరా ఒప్పుకో. చేసిందానికంటే కాస్త ఎక్కువ ఒప్పుకున్నా పర్లేదు గాని, తక్కువ మాత్రం ఒప్పుకోకు. మనసు తేలికపడే దాకా లేవకు. నాకు తెలిసింది అదొక్కటే దారి.

కోపంతో రాశాననుకోకు. భయంతో రాశాను.

నీ అక్క


ఫిబ్రవరి 14

అక్కకు,

నేను తాగట్లేదు. సీసా మొహం కూడా చూడలేదు. పని అయ్యాక హాస్పిటల్ దాకా నడుస్తాను, అంతే. గేటు దాకా వెళ్లి అక్కడే నిలబడతాను. గేటు దగ్గర పళ్లు అమ్మే ఆవిడ మొదట్లో కొనమని పిలిచేది, ఇప్పుడు పిలవడం మానేసింది. బొంగరం మూడో అంతస్తులో ఉన్నాడు. అక్కడ కూడా లిఫ్టు ఉంది, మెట్లున్నాయి, కాని నా కాళ్లు గేటు దాటవు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? నెల కావస్తోంది, ఒక్కసారీ వెళ్లలేదు. ఇంటికి పోయి ఈ మాట మీ మరదలికి చెప్పలేక తల వంచుకుంటున్నాను.

కాని నీ ఉత్తరం మంచే చేసింది. నేను రాయలేని బరువు ఇదే. ఎలా దించుకోవాలో తెలియక తిరుగుతుంటే నువ్వు దారి చెప్పావు. ఈ నెల ఇరవై ఎనిమిదిన విచారణ. హెడ్డాఫీసు నుంచి ఇద్దరు పెద్దవాళ్లు వస్తున్నారు. వాళ్ల ముందు అంతా ఒప్పుకోబోతున్నాను. ఆ రోజు నేను తొందరలో ఉన్నాను. పైగా పొద్దున ఏమీ తినలేదు, ఆకలి. ఇన్నేళ్ల అనుభవం ఉందిలే అన్న గర్వం. ఆ ధ్యాసలో తాళం వేయడం మరిచిపోయాను. బొంగరానికి నాకంటే మంచి పేరుందన్న అసూయ కూడా లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. అదీ సంగతి.

సూపర్‌వైజరు మొదటినుంచీ నెమ్మదిగానే మాట్లాడుతున్నాడు. "నువ్వు తాళం వేసుండవు, వేసినా సరిగ్గా నొక్కుండవు. ఒప్పేసుకుంటే అందరికీ తేలిక" అన్నాడు. మంచివాడే. వాంగ్మూలం కాగితం తనే రాసి పెడతానన్నాడు, నా భాష బాగుండదు కదా. నువ్వు పక్కనుంటే నువ్వే రాసి పెట్టేదానివి.

పోయిన నెల పంతొమ్మిది తర్వాత నిన్ననే మొదటిసారి కంటినిండా నిద్రపోయాను. మారుమనస్సంటే ఇదే అయ్యుంటుంది.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 19

తమ్ముడూ,

దీన్ని కొరియర్‌లో వేస్తున్నాను. మామూలు పోస్టులో అయితే అయిదు రోజులు పడుతుంది, నాకు అంత ఓపిక లేదు.

తాగుతున్నావని అన్నందుకు ముందు నా రెండు చెంపలూ వేసుకున్నాను. నువ్వు అడిగిందేమిటో తెలుసుకోకుండా జవాబు చెప్పాను. జ్వరానికి మందడిగితే దగ్గుమందు పోశాను. నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకు గర్వం కూడా కలిగిందిరా, చూశారా మా తమ్ముడు అని మీ బావకి గట్టిగా చదివి వినిపించాను. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాను. ఆయన ఏమైందన్నారు. నేను బల్ల సొరుగులోంచి నీ మొదటి ఉత్తరం తీసి, రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా నేను చేసే పని అదే కదా.

ఫిబ్రవరి రెండో తారీఖు ఉత్తరంలో ఇలా ఉంది: 'దానికి నా తాళం వేసి, లాగి చూసి'. పద్నాలుగో తారీఖు ఉత్తరంలో ఇలా ఉంది: 'తాళం వేయడం మరిచిపోయాను'. ఒకే చేతిరాత, ఒకే సిరా. ఈ రెండిట్లో ఒకటి తప్పు. ఏది?

మొదటిదాంట్లో నువ్వు పనివాడిలా రాశావు. స్విచ్ ఆపావు, తాళం వేశావు, లాగావు, అట్ట తగిలించావు. దాని గురించి నువ్వు ఆలోచించను కూడా లేదు, చేయి చేసింది చేసినట్టు చెప్పేసింది. రెండోదాంట్లో పని లేదు. తొందర, ఆకలి, గర్వం, మరుపు, అసూయ. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. సరిగ్గా అయిదు.

అయిదు అని చూడగానే ఉత్తరం కింద పెట్టేశాను. నీకూ అర్థమై ఉంటుంది. శనివారం సాయంత్రాలు. మంచం పక్కన నిన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, వారంలో చేసిన పాపాలు చెప్పమనేదాన్ని. కనీసం అయిదు. నాలుగు చెప్పి ఆగితే "ఇంకా?" అనేదాన్ని. అయిదోది చెప్పాక లేవనిచ్చేదాన్ని. నాకు ఇరవై ఏళ్లు, చేతిలో తల్లి లేని పిల్లాడు, ఇంట్లో తాగే నాన్న. నువ్వు పాడైపోతావేమోనని భయం తప్ప నాకింకేం తెలుసు? కాని ఎనిమిదేళ్ల పిల్లాడు వారానికి అయిదు పాపాలు ఎక్కడినుంచి తెస్తాడని నేను ఏనాడూ అడగలేదు. నిజం చెప్పరా, ఎక్కడినుంచి తెచ్చేవాడివి?

ఇంకో మాట. నిన్న ప్రెస్సులో వచ్చే నెల పాఠాల ప్రూఫు చూస్తున్నాను. లైను చివర చోటు చాలక ఆ మాట రెండుగా విరిగింది. 'మారు' అని ఇక్కడ, 'మనస్సు' అని కింది లైన్లో. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. చిన్నప్పటినుంచీ ఆ మాట వినగానే నాకు ఏడుపు, మోకాళ్ల నొప్పి, పాస్టరమ్మగారి ముక్కు చీదుడు ఇవే కనిపించేవి. విడిపోయాక చూస్తే అందులో అవేవీ లేవు. మారుపేరు, మారువేషం అంటాం చూడు, అలాగే ఇది కూడా. ఉన్నదాని చోట ఇంకొకటి. మనసు కొత్తది కావాలన్నాడు గాని, పాతదాన్నే ఇంకా నలగ్గొట్టమని ఎక్కడా అనలేదు. ఒప్పుకోవద్దని నేననట్లేదు. చేసింది ఒప్పుకో. చేయనిది ఒప్పుకుంటే అది అబద్ధం, దేవుడి ముందు చెప్పినా అబద్ధమే.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ముందు ఆలోచించు.

అక్క


ఫిబ్రవరి 22

అక్కకు,

కొరియర్ అతను తలుపు కొడితే మీ మరదలు ఎవరో పోయారనుకుంది.

నీకు ఏది కావాలో ఒకటి తేల్చుకో. ఒప్పుకోమంటావు. ఒప్పుకుంటే ప్రూఫులు దిద్దుతావు. నా మనసేమన్నా నీ బల్ల మీదకొచ్చిన కాగితమా? సంతకం పదిహేడునే పెట్టేశాను. సూపర్‌వైజరు రాసి తెచ్చాడు, చదివి వినిపించాడు, పెట్టాను. ఇరవై ఎనిమిదిన వాళ్ల ముందు అవునంటే అయిపోతుంది.

శనివారాల సంగతి అడిగావు. అవును, కల్పించేవాణ్ణి. అందులో నాకు మంచి చేయి తిరిగింది. గురువారం నుంచే తయారు చేసుకునేవాణ్ణి. పక్కింటివాళ్ల పెన్సిలు దొంగిలించానని ఒకసారి చెప్పాను, గుర్తుందా? నువ్వు నన్ను చెవి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లి క్షమాపణ చెప్పించావు. ఆవిడ తెల్లబోయి "మా పెన్సిలేం పోలేదే అమ్మాయ్" అంది. తిరిగొస్తూ నువ్వు నాతో "చూశావా, వాళ్ల మంచితనం" అన్నావు. నేనూ నమ్మేశాను అక్కా. పెన్సిలు తీశాననే నమ్మేశాను. ఇప్పటికీ దాని రంగు చెప్పగలను. పచ్చది.

అందుకే ఏది తప్పని నన్నడగకు. నాకు తెలియట్లేదు. రోజుకు పదిసార్లు ఆ మోటారు గదిలోకి మనసులో వెళ్తాను. ఒకసారి నా చేతులు తాళం వేస్తాయి. ఇంకోసారి వేయవు. ఒక మనిషి కాలు పోయింది, ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా. అది నేనేననుకుంటే కనీసం ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. కాదంటే ఎక్కడ నిలబడను? నీకు అర్థం కాదులే. నిందలో ఉండటం నాకు అలవాటైన ఇల్లు, దీపం లేకపోయినా తిరగగలను.

మారు అంటే ఏమిటో పెద్ద పాఠం చెప్పావు. మా పనిలో మారు అంటే మాకు ఒక్కటే తెలుసు, మారుతాళంచెవి. స్టోరు గది తలుపు వెనక మేకుకి ఒక బిస్కెట్ల డబ్బా వేలాడుతుంటుంది, అందరి తాళాలకూ రెండో చెవి అందులో పడివుంటుంది. ఉండకూడదు, కాని ఉంటుంది. ఎవడో ఒకడు రోజూ చెవి ఇంట్లో మరిచి వస్తాడు కదా. నీ కొత్త మనసు కూడా అలాంటిదేనేమో, పాత తాళానికే ఇంకో చెవి.

దీన్ని నేనూ కొరియర్‌లోనే వేస్తున్నాను, ఇంక ఈ సంగతి రాయకు. ఫోను చేయకు.

తమ్ముడు


ఫిబ్రవరి 25

తమ్ముడూ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. ఫోను మాత్రం చేయను. నా చేతులు ఆగవని తెలిసి ఫోను దాచేయమని మీ బావకే ఇచ్చాను. ఆయన ఎక్కడ దాచారో ఆయనే మరిచిపోయారు. పొద్దుటినుంచీ బియ్యం డబ్బాలు కూడా వెతుకుతున్నారు.

ఒక్కటే ప్రశ్న. ఆ బిస్కెట్ల డబ్బా తెరిచే హక్కు ఎవరికి ఉంది?

నువ్వు కోపంలో, నన్ను దెప్పడానికి రాసిన మాట అది. కాని నీ మూడు ఉత్తరాల్లోనూ నీ తప్పు గురించి కాకుండా ఇంకోదాని గురించి రాసిన వాక్యం అదొక్కటే. మిగతావన్నీ నేను, నేను, నేను. నీ చెవి నీ జేబులో ఉంది, నీ తాళం తెరుచుకుని పడివుంది, మేకుకి రెండో చెవి వేలాడుతోంది. నేను ప్రెస్సులో పనిచేసే ఆడదాన్ని, లిఫ్టుల సంగతి నాకేం తెలుసు? నాకే కనిపిస్తుంటే నీకు కనిపించట్లేదంటే, కనిపించకుండా ఏదో అడ్డం పెట్టుకున్నావు. తప్పంతా నాదే అనడం పైకి ఎంత వినయంగా ఉంటుందో! నువ్వు అలా తల వంచుకుని నిలబడితే ఆ డబ్బా అక్కడే ఉంటుంది. రేపు ఇంకెవరో లిఫ్టు నెత్తికెక్కుతారు.

శనివారాల గురించి. పెన్సిలు సంగతి చదివి వంటగదిలోకి వెళ్లి కూర్చున్నాను. గుండెలు బాదుకుని ఏడవాలనిపించింది, నీ కాళ్ల మీద పడాలనిపించింది. అంతలోనే తెలిసింది, అలా ఏడిస్తే నువ్వు నన్ను ఓదార్చాలి, మళ్లీ అంతా నా చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఏడవలేదు. మామూలుగా చెప్తున్నాను. నేను చేసింది తప్పు. ఆ అయిదు లెక్క నాది, దేవుడిది కాదు. నువ్వు లెక్క పూర్తి చేస్తేగాని లేవకూడదని ఆయన ఎప్పుడూ అనలేదు. క్షమించడం ఆయన సిలువ దగ్గరే చేసేశాడు, నువ్వు అందుకు సరుకు తేనక్కర్లేదు. ఇన్నేళ్లు ఆ పుస్తకాలు దిద్దుతూ కూడా నాకు ఈ మధ్యే బుర్రకెక్కింది.

విచారణలో ఏం చెప్పాలో నేను చెప్పను. చెప్తే నువ్వు అలాగే అక్కా అంటావు, అదీ నా కోసం కల్పించిన అయిదో పాపమే అవుతుంది. నీకేం గుర్తుందో అది చెప్పు. గుర్తు లేకపోతే లేదని చెప్పు.

ఇది సమయానికి అందుతుందో లేదో తెలియదు. కొరియర్ ఆఫీసులో అమ్మాయి ఇరవై ఏడుకి చేరుతుందంది. 

అక్క


మార్చి 6

అక్కకు,

నీ ఉత్తరం ఇరవై ఏడు సాయంత్రం అందింది, నేను మర్నాటికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుండగా. తెరవలేదు. కోపం వల్ల కాదు. అందులో ఏముంటే అది చేసేస్తానని భయం. ఒప్పుకోమన్నా ఒప్పుకుంటాను, వద్దన్నా మానేస్తాను, రెండూ నావి కావు. జేబులో పెట్టుకుని అలాగే వెళ్లాను.

విచారణ పదకొండింటికి. పది కాకుండానే వెళ్లి మా ఆఫీసులో స్టోరు గది ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను. నీకు ఆ డబ్బా గురించి రాసి పంపినప్పటినుంచీ అది నా కళ్లముందే ఊగుతోంది. రాసేదాకా దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు, రోజూ చూస్తూనే. ఇంతలో మా కొత్త మెకానిక్కు ఒకతను గబగబా వచ్చాడు, పెళ్లయి ఆరు నెలలైన మనిషి. చెవి ఇంట్లో మరిచిపోయానన్నాడు. సూపర్‌వైజరు లోపల విచారణకు కాగితాలు సర్దుకుంటున్నవాడు లేచి వచ్చి, మేకు మీంచి డబ్బా దించి, చెవి తీసి అతనికి ఇచ్చి, డబ్బా మళ్లీ తగిలించాడు. కాగితాలు చంకలోనే ఉన్నాయి. అందులో పైనున్నది నా సంతకం ఉన్న కాగితం. ఆయనకి ఏమీ అనిపించలేదు, అలవాటు. నేను మాత్రం బల్ల మీంచి లేచి నిలబడ్డాను. ఆ మనిషి కాసేపట్లో ఎక్కడో లిఫ్టు నెత్తికెక్కుతాడు, అతని తాళానికి రెండు చెవులు.

లోపల వాళ్లు నా వాంగ్మూలం చదివారు. ఇద్దర్లో పెద్దాయన కళ్లద్దాలు పైకి నెట్టి, ఇది నిజమేనా అన్నాడు.

"సంతకం నాదేనండీ. మాటలు నావి కావు" అన్నాను.

నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. తర్వాత నెమ్మదిగా చెప్పాను. తాళం వేశాను, లాగి చూశాను. ఇన్నాళ్లూ దాన్ని తిరగతోడి తిరగతోడి చెడగొట్టుకున్నాను గాని, జరిగిన రెండు వారాలకి కూడా నా చేతులకి తెలిసింది అదే, మా అక్కకి అలాగే రాశాను. స్టోరు గది తలుపు వెనక మారుతాళంచెవుల డబ్బా ఉందన్నాను. ఇప్పుడే వెళ్లి చూడండన్నాను.

ఇంకొకటి కూడా చెప్పాను. ఇది నీకు కూడా తెలియదు. మూడేళ్ల కిందట రెండో చెవులన్నీ కరిగించేయాలని హెడ్డాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. కరిగించేశామని కాగితం తయారుచేసి అందరిచేతా సంతకాలు పెట్టించారు. నేనూ పెట్టాను. డబ్బా అక్కడే ఉందని తెలిసి పెట్టాను, ఎందుకంటే అంతకు ముందు వారమే నా చెవి పోగొట్టుకుని అందులోంచి తీసుకున్నాను. నేను నిజంగా చేసింది అదక్కా. తొందర, ఆకలి, గర్వం అని ఎన్నో చెప్పుకున్నాను గాని, ఈ ఒక్కటీ నా నోట ఒక్కసారీ రాలేదు. చెప్పినప్పుడు ఏడుపు రాలేదు. సిగ్గేసింది, అంతే. సిగ్గేసినా నిలబడగలిగాను.

సూపర్‌వైజరు బల్ల వంక చూస్తూ "ఇద్దరూ దిగిపోయి తాళం మరిచారనుకున్నానండీ, జేబులో తెచ్చుకున్న రెండో చెవితో తీశాను. ఇతను ఖాళీ గ్రీజు డబ్బా పట్టుకుని మెట్లు దిగడం అయిదో అంతస్తు వరండాలోంచి చూశాను. కింద ఆఫీసువాళ్లు ఒకటే గోల చేస్తున్నారు" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఆయన కూడా నెలరోజులుగా నిద్రపోయి ఉండడు. కొత్త మెకానిక్కుకి ఫోను చేసి కిందికి దింపారు. డబ్బా సీలు చేశారు. సూపర్‌వైజర్ని పనిలోంచి తీసేశారు, దొంగ కాగితం మీద సంతకానికి నన్ను రెండు నెలలు పక్కన పెట్టారు. మీ మరదలు కాసేపు తల పట్టుకుని, సరేలే, పై గదికి సున్నం వేసిపెట్టు అంది.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని నీ ఉత్తరం చదివాను. ఫోను దొరికిందా?

అక్కడినుంచి హాస్పిటల్‌కి నడిచాను. గేటు దాటాను. మూడో అంతస్తు దాకా మెట్లెక్కాను. బొంగరం గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. సగం మనిషి అయిపోయాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, బూతులు మొదలుపెట్టాడు. అవి నీకు రాయలేను, నువ్వు దిద్దలేవు. "నలభై రోజులు! నలభై రోజులు ఎక్కడ చచ్చావురా? ఆ గోడ మీద ఎన్ని పగుళ్లున్నాయో చెప్పనా నీకు?" అన్నాడు. నా వల్లే అనుకుని మొహం చూపించలేకపోయానన్నాను. నువ్వు తాళం వేశావా లేదా, ఒక్కటి చెప్పు అన్నాడు. వేశాను అన్నాను.

"నాకు తెలుసు" అన్నాడు. "సరిగ్గా నా నెత్తి మీదే కదరా ఆ గది. తాడు దిగే కన్నంలోంచి వినిపించింది, తాళం పడిన చప్పుడు, నువ్వు లాగిన చప్పుడు. విన్నాకే కదా నేను చేయి లోపల పెట్టింది. సూపర్‌వైజరు వచ్చి, నువ్వే వేయలేదని ఒప్పుకున్నావన్నాడు. వేసినవాడే వేయలేదంటుంటే నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. నా చెవుల్ని నేనే నమ్మడం మానేశాను. నువ్వొచ్చి అడిగుంటే మొదటిరోజే చెప్పేవాణ్ణి."

నేను ఆ మంచం పట్టీ పట్టుకుని ఏడ్చానక్కా. ఇదొక్కచోటే ఏడ్చాను. కాసేపు చూసి, ఏడుపు ఆపి నన్ను ఆ చక్రాల కుర్చీలోకి ఎక్కించు, ఈ నర్సులు మూటలా ఎత్తుతారు అని కసిరాడు. ఎక్కించాను. వరండా చివరిదాకా తోసుకెళ్లాను, మళ్లీ వెనక్కి, మళ్లీ చివరిదాకా. ఆపితే ఊరుకోడు.

అప్పటినుంచి రోజూ వెళ్తున్నాను, ఎలాగూ పని లేదు. ఈ ఉత్తరం కూడా ఆయన మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే ఎవరికి అన్నాడు. మా అక్కకి అన్నాను. "మళ్లీ ఏం ఒప్పుకుంటున్నావు?" అన్నాడు.

ఏమీ లేదు, ఊరికే రాస్తున్నానని చెప్పాను.

నీ తమ్ముడు